గ్రహణానికి కాపలా

గ్రహణాల గురించి ఎవరైనా నన్ను అడిగితే ముందు విసుగొస్తుంది. అడిగినవాళ్ళ తప్పేం లేదు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, పాతకాలం మనుషులు గ్రహణాన్ని చూసి ఏమనుకునేవాళ్ళో నాకు తెలిసే ఉంటుందని అడుగుతారు. కానీ అడిగేటప్పుడు వాళ్ళ చూపు ఒక్క క్షణం నా మీసం మీద ఆగి, గబుక్కున పక్కకి పోతుంది. ఆ ఆగడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. చూసీ చూసీ అలిసిపోయాను.

నేను చీలిన పై పెదవితో పుట్టాను. మా కృష్ణా జిల్లాలో దాన్ని గ్రహణం మొర్రి అంటారు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ దేన్నైనా కోసినా, తెంచినా, గిల్లినా పుట్టే బిడ్డ పెదవి తెగుతుందని నమ్మకం. నాకు ఆరేళ్ళప్పుడు మిషను ఆసుపత్రిలో ఒక దొరసాని డాక్టరు పెదవి కుట్టింది. కుట్టు బాగానే కుదిరింది, మచ్చ మాత్రం మిగిలింది. మీసం రాగానే పెంచి దాని మీద కప్పేశాను. కానీ ఊళ్ళో అందరికీ కుట్టకముందున్న మొహమే గుర్తు. నేను వీధిలో పోతుంటే వాళ్ళకి కనపడేది నేను కాదు. వీడి తల్లి గ్రహణం నాడు ఏదో చేసిందన్న సంగతి కనపడేది.

మాది చల్లపల్లికి దగ్గర్లో నేతవాళ్ళ వీధి. ఇంటింటికీ ఒక మగ్గం ఉండేది. నాన్న మగ్గం గుంటలో కూచుని నేసేవాడు, అమ్మ రాట్నం ముందు కూచుని నూలు కండెలకి చుట్టేది. పక్కింట్లో మేనత్త, నాన్నకి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటి పక్కన చేరింది. నేను పుట్టినప్పుడు మంత్రసాని చేతిలోంచి నన్ను అందుకున్నది ఆవిడే. అందుకుని, నా మొహం చూసి, అమ్మని అడిగిన మొదటి మాట "గ్రహణం నాడు ఏం చేశావే?" అని. అమ్మ ఏం చెయ్యలేదంది. ఎవరూ నమ్మలేదు. అమ్మకి నెలలు నిండకముందు వచ్చిన ఆ గ్రహణం నాడు ఇంటిల్లిపాదీ స్నానాలకి కృష్ణ ఒడ్డుకి పోయారు. అమ్మ ఒక్కతే తలుపులు మూసుకుని ఇంట్లో ఉంది. ఏం చెయ్యలేదని చెప్పడానికి ఆవిడ తరఫున మాట్లాడే మనిషి లేదు.

అత్త చెడ్డమనిషి కాదు. నాకు జ్వరం వస్తే మంచం పక్కనుంచి లేచేది కాదు. బళ్ళో ఎవరైనా నన్ను మొర్రోడా అన్నారని తెలిస్తే వాళ్ళింటికి పోయి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేది. కానీ నాకు పెళ్ళిసంబంధం తప్పిపోయినప్పుడల్లా, "ఆ పూట కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే ఇంత కాకపోను" అని అమ్మకి వినపడేట్టు అనేది. సంబంధాలు చాలానే తప్పిపోయాయి కాబట్టి ఆ మాట చాలాసార్లే విన్నాం. అమ్మ నోట్లో నాలుక లేనట్టు ఊరుకునేది. కండె చుడుతున్న చెయ్యి మాత్రం ఆగేది కాదు.

నేను చదువుకుని, నాలుగు పుస్తకాలు తిరగేశాక, గ్రహణానికీ పెదవికీ ఏ సంబంధమూ లేదని అమ్మకి చెప్పడం మొదలుపెట్టాను. సెలవులకి వచ్చినప్పుడల్లా చెప్పాను. భూమి నీడ పడుతుందమ్మా, అంతే, నీడ ఎవరి మూతీ కొయ్యదు అనేవాణ్ణి. అమ్మ తలాడించేది. మా క్లాసులో ఎంతమందికి చెప్పి ఒప్పించానో లెక్కలేదు, ఆ ఒక్క మనిషిని ఒప్పించలేకపోయాను. తర్వాత్తర్వాత చెప్పడం మానేశాను. నాకు ఓపిక పోయింది.

డెబ్భై నాలుగులో కార్తీక పౌర్ణమి నాడే సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. అప్పటికి నేను బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ని. పగలు కాలేజీ, సాయంత్రం ట్యుటోరియల్లో పాఠాలు, ఇంటికొచ్చేసరికి గొంతు ఉండేది కాదు. భవానీపురంలో రెండు గదుల వాటా. పెళ్ళి ఆలస్యంగా అయింది, పిల్లలు ఇంకా ఆలస్యం. నా భార్య మునిసిపల్ స్కూల్లో టీచరు. ఆ కార్తీకానికి ఆమెకి ఏడో నెల. ఆమెకి తల్లి లేదు, అందుకని పురుడు మా ఇంట్లోనే పోసుకోవాలనుకున్నాం. ఇక్కడ మామూలుగా పెద్దవాళ్ళు పురిటికి వారం ముందు వస్తారు. మా అమ్మ గ్రహణానికి వారం ముందు వచ్చింది. పంచాంగం చూపించుకుని మరీ బస్సెక్కింది.

ఆ రోజుల్లోనే మా ప్రిన్సిపాలు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"గ్రహణం వస్తోంది కదండీ. మన పిల్లలకి మీరొక గంట మాట్లాడాలి. సాహిత్యంలో గ్రహణాలు, ప్రాచీన సంస్కృతుల్లో గ్రహణాలు. సైన్సు వాళ్ళు ఎలాగూ బంతీ దీపం పెట్టి చూపిస్తారు, అది మామూలే."

"నేనా అండీ?"

"ఇలాంటిది మీరు కాకపోతే ఇంకెవరు చెబుతారండీ" అన్నారు. అన్నాక ఆయన చూపు నా మీసం మీద పడింది. పెద్దాయన, పాపం, చెవుల దాకా ఎర్రబడ్డారు. "అంటే, హిస్టరీ కదా అనండీ" అన్నారు.

సరేనన్నాను. ఆయన ఇబ్బంది చూడలేక ఒప్పుకున్నాను. నేను జీవితంలో చేసిన పనుల్లో సగం ఎదటివాళ్ళ ఇబ్బంది చూడలేక ఒప్పుకున్నవే.

కాలేజీ లైబ్రరీలో దుమ్ము దులుపుకుంటూ చదివాను. ఉపన్యాసం రోజున నా భార్య అమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. వద్దన్నాను, వినలేదు. "మీ అబ్బాయి మాట్లాడితే ఎప్పుడైనా విన్నారా అత్తయ్యా?" అని ఆవిణ్ణి బయల్దేరదీసింది. ఇద్దరూ వెనక ఆడపిల్లల వరసలో కూచున్నారు. మైకు ముందు నిలబడగానే, గ్రహణం గురించి గ్రహణం మొర్రి వాడు చెబుతున్నాడని ముందువరస కుర్రాళ్ళు మూతులు బిగించి నవ్వాపుకున్నారు. అది నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. నేను కోపం తెచ్చుకునే వయసు దాటిపోయాను. మొదలుపెట్టాను.

మన కావ్యాలతోనే మొదలుపెట్టాను. మన పాత కవులకి గ్రహణం అంటే పెద్ద భయం లేదు, వర్ణనకి పనికొచ్చే సరుకు. ప్రియుడు దూరమైన నాయిక, వెన్నెల తన ఒళ్ళు కాలుస్తోందని చంద్రుణ్ణి తిట్టిపోయడం కావ్యాల్లో ఆనవాయితీ. అతణ్ణి తిట్టడం అయిపోయాక రాహువు మీద పడుతుంది. మింగినవాడివి మింగినట్టు ఉండక మళ్ళీ ఎందుకు కక్కావయ్యా అని. పిల్లలు నవ్వారు. తర్వాత శాసనాల్లోకి వచ్చాను. మన వైపు పాత గుళ్ళలో రాళ్ళ మీద, చంద్రగ్రహణం సందర్భంగా ఫలానా భూమి దానం చేశామని రాజులు చెక్కించుకున్నారు. గ్రహణ కాలంలో ఇచ్చినదానికి పుణ్యం ఎక్కువట. "కష్టం చంద్రుడిది, పుణ్యం రాజుగారిది" అన్నాను. దానికీ నవ్వారు. ఇలాంటివి అనడం నాకు చాతనవును. ముందు మనమే నవ్విస్తే మనల్ని చూసి నవ్వడం తగ్గుతుందని బళ్ళోనే నేర్చుకున్నాను.

అక్కణ్ణుంచి బయటి దేశాలకి పోయాను. చీనాలో డప్పులు కొట్టి, ఆకాశంలోకి బాణాలు వేసి, చంద్రుణ్ణి తింటున్న జంతువుని అదిలించేవాళ్ళు. దక్షిణ అమెరికా కొండల్లో పెద్దపులి లాంటిదేదో చంద్రుణ్ణి కొరుకుతోందనుకుని, అది భయపడాలని కుక్కల్ని కొట్టి అరిపించేవాళ్ళు. గ్రీకుల సేనాని ఒకడు సైన్యాన్ని వెనక్కి మళ్ళించబోతూ చంద్రగ్రహణం చూసి ప్రయాణం ఆపుకున్నాడు. ఆ ఆగిన రోజుల్లో శత్రువు చుట్టుముట్టి సైన్యాన్నంతా తుడిచిపెట్టేశాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎరగని జాతులు ఇవన్నీ. కానీ అందరికీ తోచింది దాదాపు ఒకటే. పైన ఏదో చెడు జరుగుతోంది, కింద మనం ఏదో ఒకటి చెయ్యాలి, లేకపోతే ఎవరో ఏదో చేసి ఉండాలి.

చివరికి బాబిలోనియా ప్రాంతం రాజుల గురించి చెప్పాను. గ్రహణం వస్తే రాజు చస్తాడని వాళ్ళ జోస్యులు లెక్కగట్టేవాళ్ళు. అందుకని అసలు రాజుని దాచేసి, ఎవడో ఒక దిక్కులేని వాణ్ణి తెచ్చి సింహాసనం మీద కూచోబెట్టేవాళ్ళు. ఖైదీనో, తోటమాలినో, ఎవడో ఒకణ్ణి. వాడికి రాజు బట్టలు, రాజు భోజనం. అసలు రాజు ఆ కొన్నాళ్ళూ రైతు పేరు పెట్టుకుని చాటుగా బతికేవాడు. కీడు తప్పిందని అనుకున్నాక ఆ కూచోబెట్టినవాణ్ణి చంపేసేవాళ్ళు. రాజు చస్తాడని గ్రహణం చెప్పింది, రాజు చచ్చాడు, లెక్క సరిపోయింది. ఇది చెబుతున్నప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు, ప్రిన్సిపాలు గారు నా భుజం తట్టారు, నేను చాక్‌పీసు చేతులు కడుక్కుని ఇంటికొచ్చాను.

భోజనాల దగ్గర అమ్మ నాకు మజ్జిగ పోస్తూ అడిగింది.

"ఆ రాజు బదులు కూచున్నవాడు ఏం తప్పు చేశాడ్రా?"

"ఏం చెయ్యలేదమ్మా. దొరికాడు, కూచోబెట్టారు."

"ఏం చెయ్యలేదని వాడికి తెలుసా?"

తెలిసే ఉంటుందన్నాను. "నయమే" అంది అమ్మ. మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి పోయింది. నా భార్య నా వంక చూసింది. నేను అలిసిపోయి ఉన్నాను, ఆ మాట గురించి అప్పుడు ఆలోచించలేదు.

కార్తీక పౌర్ణమి నాడు మధ్యాహ్నానికే అమ్మ ఇంటిని సర్దేసింది. మంచినీళ్ళ బిందె మీద, ఆవకాయ జాడీ మీద దర్భ పుల్ల వేసింది. కత్తిపీట, కత్తెర, సూదులు, చివరికి నా షేవింగ్ బ్లేడు కూడా మూటకట్టి వంటింటి అటక మీద పెట్టేసింది. కిటికీకి రెండు చీరలు మడతపెట్టి కట్టింది. మామూలుగా అయితే నా భార్య ఇలాంటివాటికి ఎదురు చెప్పే మనిషి. ఆ రోజు ఏమీ అనలేదు. "ఆవిడ మనశ్శాంతిగా ఉంటే చాలండీ. ఒక్క పూట పడుకుంటే నా సొమ్మేం పోతుంది. నాకెలాగూ నడుం నొప్పిగా ఉంది" అంది నాతో.

సందె వాలగానే వీధంతా ఏటి వైపు కదిలింది. అటు పౌర్ణమి దీపాలు, ఇటు గ్రహణ స్నానాలు, జనానికి రెండు పనులూ ఒకేసారి వచ్చిపడ్డాయి. మా వాటా ముందు నుంచి తడిబట్టలూ చెంబులూ పట్టుకుని పోతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. తర్వాత వీధి ఖాళీ అయిపోయింది. లోపలి గదిలో నా భార్య చాప మీద వెల్లకిలా పడుకుంది. అమ్మ పక్కనే కూచుని ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. దీపం లేదు. నేను ముందుగదిలో కుర్చీలో ఉన్నాను. గంటసేపు గ్రహణాల మీద ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, తలుపు తీసి చంద్రుణ్ణి చూడ్డానికి కూడా లేవలేదు. చూడాలనిపించలేదు.

కాసేపటికి నా భార్య గొంతు వినపడింది.

"ఎందుకత్తయ్యా అంత గట్టిగా పట్టుకుంటారు? నేనెక్కడికి పోతాను?"

"నువ్వు పోవని తెలుసు తల్లీ. చేతుల్ని నమ్మలేం. వాటి పని అవి చేసుకుపోతాయి."

"అంటే?"

అమ్మ, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు, మెల్లిగా చెప్పింది.

"వీడు కడుపులో ఉండగా వచ్చిన గ్రహణం. అందరూ ఏటికి పోయారు. ఒక్కదాన్నే, భయమేసింది. పడుకోమన్నారు కానీ మగ్గం పక్కన కూచుంటే నాకు ధైర్యంగా ఉంటది. కూచున్నాను. చీకట్లో చెయ్యి మగ్గం మీది నూలుకి తగిలింది. ఒక పోగు తెగి వేళ్ళాడుతోంది. అది చూసుకోకపోతే తెల్లారి మీ మామగారి నేతలో గీత పడుతుంది. అతికాను. అతికి, మిగిలిన కొస పంటితో కొరికేశాను. కొరికాక గుర్తొచ్చింది, అది ఏ వేళో."

నేతింటి ఆడవాళ్ళకి తప్ప ఈ తప్పు ఇంకెవరికీ చెయ్యడం రాదు. పోగు తెగితే అతకడం, కొస మిగిలితే కొరకడం, ఇది వాళ్ళకి రెప్ప వెయ్యడం లాంటిది. కబుర్లు చెబుతూ కొరుకుతారు, పిల్లాడికి పాలిస్తూ కొరుకుతారు, కునికిపాట్లు పడుతూ కూడా కొరుకుతారు. మా వీధిలో సగంమంది ఆడవాళ్ళకి ముందుపళ్ళ మధ్య చిన్న గాడి పడి ఉండేది. మా అమ్మకీ ఉంది. కత్తిపీటలూ కత్తెరలూ దాచిపెట్టిన పెద్దవాళ్ళెవరికీ ఆవిడ పళ్ళు గుర్తు రాలేదు.

"ఎవరికీ చెప్పలేదా?" అంది నా భార్య.

"ఎవరికి చెప్పను? మీ మామగారికి చెబితే ఆ మగ్గం మీద ఇంకెట్లా కూచుంటాడు? వదిన అడిగినప్పుడు ఏం చెయ్యలేదన్నాను. అబద్ధమాడాను. ఆమె అన్న మాటలన్నీ అందుకే పడ్డాను. న్యాయంగానే అంటోంది కదా అని."

నేను లేచి గుమ్మంలోకి వెళ్ళాను. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, కోపం. ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ మనిషి ఒక దారప్పోగుని కడుపులో పెట్టుకుని బతికింది. నేను నీడల గురించి చెబుతుంటే తలాడిస్తూ కూచుంది. "అమ్మా, నీకు నేను ఎన్నిసార్లు చెప్పాను?" అని మొదలుపెట్టాను. గొంతు నాకే కటువుగా వినపడింది.

"చెప్పావురా. ఎందుకు చెప్పలేదు? నువ్వు చెబుతున్నంతసేపూ నమ్ముతాను. నీ మొహం చూడగానే ఆ నమ్మకం పోతుంది."

చీకట్లో నా భార్య చెయ్యెత్తబోతూ నన్ను ఊరుకోమంది. అమ్మ ఆ చెయ్యి వదల్లేదు. నేను వెనక్కి వచ్చి కుర్చీలో కూచున్నాను. కాసేపటికి ఏటి నుంచి జనం తిరిగి రావడం మొదలైంది. గ్రహణం విడిచిందని పక్కవాటావాళ్ళు తలుపు తట్టి చెప్పారు. అమ్మ నా భార్యకి తలంటి స్నానం చేయించి, తను చేసి, బియ్యం కడిగింది. అలా నెమ్మదిగా, తేలిక పడ్డ మనిషిలా వంట చేస్తుంటే నేను చూస్తూ కూచున్నాను.

అప్పుడు నాకు అర్థమైంది ఒకటుంది. దాన్ని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పుట్టబోయే బిడ్డ పెదవి మామూలుగా ఉంటే, అమ్మ కాపలా ఫలించినట్టు. కాపలా ఫలిస్తే, అప్పుడు కాపలా లేకనే నేను ఇలా పుట్టినట్టు. నా బిడ్డ బాగా పుడితే మా అమ్మ తప్పు ఖాయమైపోతుంది. ఆవిడ అలా ఆలోచించిందో లేదో తెలియదు. ఆవిడ కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నది ఆరోగ్యమైన బిడ్డ కోసమే, అందులో సందేహం లేదు. నేను మాత్రం ఆ రెండు నెలలూ దేనికి మొక్కుకోవాలో తెలియక ఏమీ మొక్కుకోలేదు. బిడ్డ బాగుండాలి. అమ్మ బాగుండాలి. రెండూ ఒకే కోరిక ఎందుకు కాకుండా పోయాయో అని ఆలోచించీ ఆలోచించీ అలిసిపోయాను.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, బెజవాడలోనే ఒక ఆసుపత్రిలో, పొద్దున పూట ప్రసవమైంది. నర్సు బయటికి వచ్చి "ఆడపిల్లండీ, ఇద్దరూ బానే ఉన్నారు" అంది. చెప్పి కొంచెం ఆగింది. ఆ ఆగడం ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను దానితోనే పెరిగాను.

లోపలికి వెళ్ళాను. పాప పై పెదవి ఎడమ పక్కన చీలి ఉంది. నాది కూడా ఎడమ పక్కే. డాక్టరమ్మ మంచి మనిషి, కంగారు పడకండి అంది. కొన్ని కుటుంబాల్లో ఇలా వస్తుందని, మీకూ ఉంది కదా అని, ఈ పెదవులు కడుపులో రెండో మూడో నెలలోనే అతుక్కోవాలని, ఇప్పుడు చిన్నప్పుడే చక్కగా కుట్టేస్తున్నారని చెప్పింది. ఒక్కొక్క మాటకీ తలాడించాను. ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతుంటే మా అమ్మ తలాడించినట్టే. గ్రహణం కాదన్న సంగతి నాకు ముందే తెలుసు. కారణం నేనని ఆ రోజు తెలిసింది.

నా భార్య పాపని చూస్తూ పడుకుని ఉంది. ఏడవలేదు. "మీ పోలికే వచ్చిందండీ" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఏమైనా ఉందా అని వెతికాను. లేదు. బాగా అలిసిపోయిన గొంతు, అంతే.

అమ్మ వచ్చి చూసింది, పక్కనున్న స్టూలు మీద కూచుంది. ఆ రోజూ మర్నాడూ అలాగే ఉంది. అన్నం పెడితే తింది. డాక్టరమ్మ చెప్పిందంతా నేను వివరంగా చెప్పాను. "అవన్నీ నాకెందుకురా" అంది. మళ్ళీ పాప వంకే చూస్తూ కూచుంది. ఏదో లెక్క మొదటినుంచీ వేసుకుంటున్న మనిషిలా ఉంది.

కబురు తెలిసి ఊరినుంచి అత్త వచ్చింది. అప్పటికి ముసలిదైపోయింది, బస్సు దిగి రిక్షాలో వచ్చి, ఆసుపత్రి మెట్లు గోడ పట్టుకుని ఎక్కింది. సంచిలో పురిటి మనిషికి వెల్లుల్లి కారం, పాపకి నాన్న మగ్గం మీద నేసిన మెత్తటి పాత పంచె ముక్కలు తెచ్చింది. పాప మీది గుడ్డ తొలగించి మొహం చూసింది. తర్వాత నా భార్య వైపు తిరిగింది.

"గ్రహణం నాడు ఏం చేశావమ్మాయ్?"

కోపంగా అడగలేదు. దిగులుగా, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా భార్య నోరు తెరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనేమైనా చేసిందా అని ఒక్క క్షణం తనే వెతుక్కోవడం నేను ఆమె మొహంలో చూశాను. చదువుకున్న మనిషి, ఏమీ నమ్మని మనిషి, అయినా వెతుక్కుంది.

"ఏం చెయ్యలేదు వదినా" అంది అమ్మ, స్టూలు మీంచి లేచి.

"నీకేం తెలుసే?"

"నేను పక్కనే ఉన్నాను. పట్టినప్పట్నుంచి విడిచేదాకా దాని చేతులు రెండూ నా చేతుల్లో ఉన్నాయి. వేలు కదపలేదు. గోరు గీసుకోలేదు. పక్కకి ఒత్తిగిల్లను కూడా లేదు."

"ఏదో చేసే ఉంటుంది లేవే. చీకట్లో నువ్వు చూసుకుని ఉండవు. ఊరికే వస్తుందా?"

"ఊరికే వచ్చింది." అమ్మ గొంతు పెరగడం నేను అదే మొదటిసారి వినడం. పక్క మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. "దీనికి ఊరికే వచ్చింది. వీడికీ ఊరికే వచ్చింది. నేనూ ఏం చెయ్యలేదు వదినా. చేశాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నేనేం చెయ్యలేదు."

అత్త ఆవిడ వంక చూసింది. ఏదో అనబోయి, "ఏమోనమ్మా" అని మంచం పక్కన నేల మీద కూచుంది. వెల్లుల్లి కారం డబ్బా సంచిలోంచి తీసి, మూత బిగుసుకుపోతే నాకిచ్చింది. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను.

నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, నిజంగానే వేసింది. నేను ఇన్నేళ్ళు చదివిన చదువు చెయ్యలేని పని ఆ పూట అయిపోయింది. కానీ మా అమ్మ నోట ఆ ఒక్క మాట రావడానికి నా కూతురి పెదవి చీలాల్సి వచ్చింది. ఏ తండ్రైనా దానికి సంతోషిస్తాడా? ఏ కొడుకైనా సంతోషించకుండా ఉండగలడా? ఎవరి మొహమూ చూడలేక ఆ డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయాను.

పాప ఏడవడం మొదలుపెట్టింది. నా భార్య రొమ్ము అందించబోయింది. పాప పట్టుకోలేక జారిపోయి ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అట్లా పట్టలేదు తల్లీ. దాని వల్ల కాదు" అంది అమ్మ. "పాలు పిండి గిన్నెలో ఇవ్వు. ఉగ్గుగిన్నెతో పక్కనుంచి ఒక్కొక్క చుక్కే వెయ్యాలి. తల కాస్త ఎత్తి పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. నాకు తెలుసులే, వీణ్ణి అట్లాగే బతికించాను."

నా భార్య పాలు పిండి ఇచ్చింది. అమ్మ పాపని ఒళ్ళోకి తీసుకుని, తల మోచేతి మీద ఎత్తిపెట్టి, ఒక్కొక్క చుక్కా వేసింది. పాప మింగింది. మళ్ళీ వేసింది. మింగింది. నిద్రపోయేదాకా అలా పట్టి, గిన్నె కింద పెట్టి, చీలిన పెదవి మీద నిలిచిన పాలచుక్కని చూపుడువేలితో మెల్లిగా తుడిచింది. తుడిచాక కూడా వేలు తియ్యకుండా అక్కడే ఉంచుకుని కూచుంది.

నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి అమ్మ నా తల దువ్వింది, కాటుక పెట్టింది, ముక్కు చీదింది, మొహం కడిగింది. నా పెదవిని మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.